రొమేనియాలో శాకాహారిగా ఉండాలంటే: ‘దె పోస్ట్’, బోర్ష్, మమలీగ

ప్రశ్న: అందరికీ నమస్కారం. వచ్చే నెల క్లుజ్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. శాకాహారిని. అక్కడివాళ్లు భోజనానికి పిలిస్తే ఏం తినొచ్చు? ఇంట్లో ఏం వండుకోవచ్చు?

క్లుజ్ నుంచి: తమ్ముడూ, ‘వెజిటేరియన్’ అని ఊరుకోకు, ‘దె పోస్ట్’ (ఉపవాసపు వంట) అని అడుగు. ఇక్కడ ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు. బుధ, శుక్రవారాలు, ఈస్టర్‌కి ముందు వారాలు, నవంబరు 15 నుంచి డిసెంబరు 24 దాకా ఉపవాసాలు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అందుకే మాంసం లేని వంట ప్రతి అమ్మమ్మకీ వచ్చు. మెలిక ఒక్కటే, కొన్ని పండగ రోజుల్లో ఉపవాసంలోనూ చేపకి సడలింపు ఉంటుంది. కాబట్టి చేప తిననని విడిగా చెప్పు. కూరగాయల చోర్బ (పుల్లటి సూప్) అన్నా ఎముకల రసంతో కాచిందేమో కనుక్కో. చిక్కుడు గింజల్లో, క్యాబేజీలో పంది కొవ్వు వేసే ఇళ్లూ ఉన్నాయి, దాన్ని ‘ఉంతూర’ అంటారు.

ప్రశ్న: ధన్యవాదాలు అన్నా. చోర్బ ఇంట్లో కాచుకోవచ్చా?

బుకారెస్ట్ నుంచి: హాయిగా. పులుపు బోర్ష్‌ది, అంటే పులియబెట్టిన గోధుమ పొట్టు నీళ్లది. బజార్లో సీసాల్లో దొరుకుతుంది. చేసుకోవాలంటే 300 గ్రాముల పొట్టు, గుప్పెడు మొక్కజొన్న పిండి గిన్నెలో చన్నీళ్లతో తడిపి, రెండున్నర లీటర్ల మరిగే నీళ్లు పోయండి. గోరువెచ్చగా అయ్యాకే పాత బోర్ష్ అడుగు మడ్డి కప్పుడు కలపాలి. వేడిలో కలిపితే అది చచ్చి, పులవదు. గుడ్డ కట్టి, రోజూ కలుపుతూ రెండు మూడు రోజులు వెచ్చటి చోట ఉంచి వడకట్టండి. జిగురు సాగినా, బూజు పట్టినా పారబోయడమే.

రెండు లీటర్ల చోర్బకి అర లీటరు బోర్ష్ చాలు. విడిగా ఒక పొంగు రానిచ్చి, నురుగు తీసి, దుంపలూ క్యారెట్లూ పూర్తిగా మెత్తబడ్డాకే పోయాలి. మన పులుసులో చింతపండు ముందే పోస్తే ముక్క బిర్రబిగుసుకుంటుందే, ఇక్కడా అంతే. స్టవ్ ఆపాక లెవుష్త్యాన్ (లవేజ్, సెలెరీ లాంటి వాసన ఉండేది) ఆకు తరిగి వేయండి. అది లేకపోతే చోర్బ వాసన రాదు, కొత్తిమీర దాని పని చేయదు.

తిమిషోవారా నుంచి: మమలీగ (మొక్కజొన్న ముద్ద) సంగతి ఎవరూ ఎత్తలేదేం! లీటరు నీళ్లకి 300 గ్రాముల ‘మలాయ్’ (మొక్కజొన్న రవ్వ), చెంచా ఉప్పు. నీళ్లు కాగకముందే గుప్పెడు రవ్వ కలిపేసి, మరిగాక మిగతాది ధారగా పోస్తూ తిప్పాలి. ఒక్కసారి కుమ్మరిస్తే ఉండలే. సన్న సెగ మీద 25, 30 నిమిషాలు, లేకపోతే పచ్చి వాసన పోదు. చెక్క పీట మీద బోర్లించి దారంతో కోస్తారు. మొక్కజొన్న ఈ నేలకి వచ్చింది 17వ శతాబ్దంలో. అంతకుముందు ఇదే ముద్ద చిరుధాన్యాలతో చేసేవాళ్లు.

పక్కన ‘ఫసోలె బతూత’ అడగండి, ఉడికించి మెదిపిన తెల్ల చిక్కుడు గింజలు. ఇంట్లో చేస్తే రాత్రంతా నానబెట్టి, మొదటి ఉడుకు నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి, వెల్లుల్లి, నూనె వేసి మెదపండి. పైన వేయించిన ఉల్లిపాయ. అందులో పాప్రికా (ఎర్ర మిరప పొడి) స్టవ్ ఆపాకే వేయాలి, మాడితే చేదు. కారం చాలకపోతే మొహమాటపడక పచ్చిమిర్చి అడగండి. చోర్బతో నంజుకోవడం వాళ్లకీ అలవాటే.