అప్‌డేట్: ఏసీ కంప్రెసర్ పోలేదు, పోయింది ప్రెషర్ స్విచ్

కారులో ఏసీ వేసినా కంప్రెసర్ క్లచ్ (కంప్రెసర్‌ను ఇంజన్‌తో కలిపే భాగం) పట్టడం లేదని, మెకానిక్ కంప్రెసరే మార్చాలంటున్నాడని పోయిన వారం అడిగాను కదా. సమస్య తీరింది.

మీరు చెప్పినట్టే ముందు గ్యాస్ చూపించాను. ఇంజన్ ఆపి గేజ్ పెడితే రెండు వైపులా దాదాపు 100 పీఎస్ఐ. ఈ ఎండకు ఆర్134ఏ (మా ఏసీలో ఉండే గ్యాస్) అంత చూపించిందంటే గ్యాస్ ఖాళీ కాలేదన్నమాట. ఇక మిగిలింది ప్రెషర్ స్విచ్, గ్యాస్ ప్రెషర్ సరిగా లేకపోతే క్లచ్‌ను పట్టనివ్వనిది అదే. మా బండిది రెండు వైర్ల స్విచ్. కనెక్టర్ పీకి స్విచ్ పిన్నులకు మల్టీమీటర్ పెడితే బీప్ లేదు, అంటే స్విచ్‌లో కరెంటు దారి కలవడం లేదు. పిన్నులకు పట్టిన పచ్చటి చిలుము గీకాను, అయినా అంతే. కనెక్టర్‌లో చిన్న వైరు ముక్కతో రెండు సెకన్లు కలపగానే క్లచ్ టక్‌మని పట్టింది. ఆ చప్పుడుకి ప్రాణం లేచొచ్చింది!

స్విచ్, ఓ-రింగ్ కొత్తవి వేయించాను. స్విచ్ కింద గ్యాస్‌ను ఆపే వాల్వ్ ఉండటంతో అది విప్పినా గ్యాస్ పోలేదు. అన్ని బండ్లకూ ఆ వాల్వ్ ఉండదు, ముందే కనుక్కోండి.

దయచేసి గ్యాస్ లేనప్పుడు ఇలా వైరు కలపొద్దు, ఆయిల్ అందక కంప్రెసర్ నిజంగానే పట్టేస్తుంది. మూడు వైర్లుంటే అది సాధారణంగా సెన్సర్, దాన్ని అసలు కలపకూడదు.

నిన్న మిట్టమధ్యాహ్నం అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాను, దారంతా చల్లగా ఉంది. అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.