జలపాతం ఫొటో పెట్టి దారి చెప్పకపోతే స్వార్థమా?

కొండదారి:
నేనూ మా ఆయనా ఆదివారాలు తెల్లారకముందే బయల్దేరి, చీకటి పడేలోపు ఇల్లు చేరేలా కొండలెక్కుతుంటాం. పులిహోర డబ్బా, నాలుగు లీటర్ల నీళ్ళు, అంతే సామాను. పోయిన నెల తూర్పు కనుమల్లో ఒక చిన్న జలపాతం దగ్గర తీసుకున్న ఫొటోలు పెట్టాను, ఊరి పేరు రాయలేదు. అప్పట్నుంచి ఇన్‌బాక్స్ నిండా "లొకేషన్ ప్లీజ్". చెప్పనన్నందుకు ఒకాయనైతే "అడవేమైనా మీ తాత జాగీరా" అన్నాడు. పాడేరు దగ్గర వంజంగి కొండకి మొదటిసారి వెళ్ళినప్పుడు కింద మబ్బులు పాలు పొంగినట్టు పరుచుకుని ఉంటే, సూర్యుడొచ్చేదాకా అక్కడున్నవాళ్ళెవరూ నోరు మెదపలేదు. మొన్న డిసెంబర్లో వెళ్తే బ్లూటూత్ స్పీకర్లు, డ్రోన్లు, కాళ్ళ కింద చిప్స్ ప్యాకెట్లు. ఇంకో చోటు కూడా అలా అవ్వకూడదనుకోవడం తప్పా?

చిరుజల్లు:
తప్పే అక్కా. మీకు మాత్రం ఆ చోటు కల్లోకొచ్చి కనబడిందా, ఎవరో ఒకరు చెబితేనే కదా వెళ్ళారు? ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. అంత దాచుకోవాల్సిందైతే ఫొటో పెట్టడం దేనికి? వడ్డించినట్టే వడ్డించి విస్తరి లాగేస్తే కడుపు మండదా?

ములుగువాసి:
నేను కొండదారి గారి వైపే, కానీ చెత్త కోసం కాదు. 2023 జులైలో మా జిల్లాలో ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చే దారిలో వాగు పొంగి పదుల మంది అడవిలో ఇరుక్కుపోయారు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు వెళ్ళి బయటికి తేవాల్సొచ్చింది. ఫోన్లో పిన్ నొక్కితే దారి చూపిస్తుంది, అంతవరకే. పైన గుట్టల్లో వాన కొడితే కింద మోకాలి లోతు వాగు ఎంతసేపట్లో మెడ దాకా వస్తుందో అది చెప్పదు, అది ఆ ఊరి పశువుల కాపరికి తెలుస్తుంది. కుంటాల జలపాతం దగ్గర కూడా నీళ్ళలో దిగొద్దని బోర్డు చూసీ దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఈ వానల్లో కొత్త జలపాతం లొకేషన్ ఊరందరికీ పంచడం నాకైతే భయమే.

ఫ్రీమాంట్ బాబాయ్:
దాచడం దేనికమ్మా, లెక్క పెడితే సరిపోతుంది. ఇక్కడ అమెరికాలో యోసెమిటీ పార్కులో హాఫ్ డోమ్ అనే రాతికొండ ఎక్కాలంటే, పట్టుకుని ఎక్కడానికి కేబుళ్ళు కట్టి ఉంచే నెలల్లో రోజుకి సుమారు 300 మందికే పర్మిట్, అదీ లాటరీలో. నేనూ మీ పిన్నీ రెండేళ్ళు దరఖాస్తు పెట్టి మూడో ఏడు వెళ్ళాం, పొద్దున్న నాలుగింటికి మొదలెడితే దిగేసరికి సాయంత్రం ఆరు. (ఆ కేబుల్ దగ్గర మీ పిన్ని నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.) చోటు ప్రపంచమంతటికీ తెలుసు, అయినా పాడవలేదు.

చిరుజల్లు:
బాబాయ్, మన దగ్గర రోజుకి మూడొందలంటే ఆ మూడొందల్లో ఎమ్మెల్యే బావమరిది బ్యాచ్ లెక్కలోకి రాదు.

పాడేరు పిల్లోడు:
ఇంతసేపట్నుంచీ చదువుతున్నాను, అందరూ ఆ కొండల మీద మనుషులే లేనట్టు మాట్లాడుతున్నారు. వంజంగికి జనం రావడం మొదలయ్యాక మావాళ్ళు టెంట్లు అద్దెకిచ్చుకుంటున్నారు, తెల్లవారుజామున టీ అమ్ముకుంటున్నారు, బొంగు చికెన్ పెట్టుకుంటున్నారు. అంతకుముందు చేతిలో డబ్బు ఆడేది కాఫీ, మిరియాలు అమ్మిన రోజుల్లోనే. అలాగని సంతోషంగా ఉన్నామనడం లేదు, మీరు పారేసిన సీసాలు ఏరేదీ మావాళ్ళే, రాత్రి రెండింటికి మీ బైకుల హారన్లకి లేచేదీ మావాళ్ళే. మీరు చెప్పాలా వద్దా అని తేల్చుకోవడం బాగానే ఉంది గానీ కొండదారి అక్కా, ఆ జలపాతం కింద ఉన్న ఊరివాళ్ళని ఒక్క మాట అడిగారా?

కొండదారి:
లేదు తమ్ముడూ, అడగాలని తోచనే లేదు. దారి చూపించిన ఒక పెద్దాయన గంటన్నర మాతో నడిచాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, మిగిలిన పులిహోర తిన్నాడు. ఆయన్ని అడగాల్సింది. ఫొటో మాట కూడా నిజమే, మా ఆయన అప్పుడే "ఇది పెట్టకే" అన్నాడు, లైకుల మీద ఆశతో నేనే పెట్టాను. తీసేశాను. వానలు తగ్గాక మళ్ళీ వెళ్తాం, ఊరివాళ్ళు రమ్మనమంటే ఎవరితో మాట్లాడుకోవాలో, ఎంతివ్వాలో వాళ్ళనే అడిగి వచ్చి ఇక్కడ రాస్తాను. వద్దంటే రాయను.

చిరుజల్లు:
పోనీ జిల్లా పేరన్నా చెప్పండక్కా.