ఆన్‌లైన్ భజనలో చిడతలు కలవట్లేదు, దారి చెప్పండి

ఒంగోలు, కావలి, నెల్లూరు నుంచి ఆరుగురం శనివారం రాత్రుళ్లు జూమ్‌లో భజన చేస్తాం. మొదట్లో శ్రుతిపెట్టె మోత కాసేపటికే మాయమయ్యేది. ఆగకుండా ఒకే తీరున మోగేదాన్ని యాప్ ఫ్యాను రొద అనుకుని నొక్కేస్తుంది. ఆడియో సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఆన్ చేసి, ఎకో క్యాన్సిలేషన్ తీసేసి, అందరం వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక ఆ బెడద పోయింది. (బ్లూటూత్ వద్దే వద్దు, దాని ఆలస్యం దానికే చాలు.)

తాళమే కుదరట్లేదు. శబ్దం అవతలివాళ్లకి చేరే ఆలస్యం దాదాపు 30 మిల్లీసెకన్లు దాటితే ఒకరి దెబ్బ కోసం ఒకరు ఆగుతూ ఆదితాళం నాలుగు ఆవర్తాలకే సాగిపోయి నీరసపడుతుంది. ప్రస్తుతం ఒకరు పాడితే మిగతావాళ్లం మ్యూట్‌లో అందుకుంటున్నాం. అది భజనలా లేదు, ట్యూషన్‌లా ఉంది.

జామ్యులస్‌కి (ఇంటర్నెట్‌లో తక్కువ ఆలస్యంతో కలిసి వాయించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) మారాలని ఆలోచన. ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (శబ్దాన్ని పంపేముందు కూడబెట్టే ముక్క) 128 శాంపిళ్లు, అంటే 2.7 మిల్లీసెకన్లు. అడగాల్సినవి రెండే. సర్వరు అద్దెకు చెన్నైలో తీసుకోవాలా, ముంబైలోనా? మా ఫైబర్ లైన్ల నుంచి చెన్నైకి పింగ్ (డేటా వెళ్లి తిరిగొచ్చే సమయం) 12–18 మిల్లీసెకన్లు చూపిస్తోంది. ఇద్దరి దగ్గర ఫోన్లే ఉన్నాయి, వాళ్లని ఎలా కలుపుకోవాలి? వాడి చూసినవాళ్లు మీ సెట్టింగులతో సహా చెప్పండి.