కత్తిని అస్త్రం అనవచ్చునా?

సభ్యులందరికీ నమస్కారం. హనుమకొండలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని తాను రాస్తున్న అద్భుత కథలోని ఒక వాక్యాన్ని మొన్న ఇక్కడ పెట్టి, అందులో దోషం ఏమైనా ఉందా అని అడిగారు. "ఆమె ఒరలో నుంచి అగ్నికత్తి అనే దివ్యాస్త్రాన్ని ప్రయోగించింది" అన్నది ఆ వాక్యం. 'అస్త్రం తప్పు, శస్త్రం అనాలి' అని ఇద్దరు ముగ్గురు జవాబిచ్చారు. ఆ జవాబు సరైనదే గాని, కారణం చెప్పకుండా దిద్దితే రాసేవారికి ఆ దిద్దుబాటు మరుసటి పేజీలో పనికిరాదు. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

సంస్కృత క్రియామూలాల (ధాతువుల) పట్టిక అయిన ధాతుపాఠంలో 'అసు క్షేపణే' అని ఉంది. విసరడం అనే అర్థమున్న ఆ ధాతువు నుంచి అస్త్రం వచ్చింది. 'శసు హింసాయామ్' అన్న ధాతువు నుంచి శస్త్రం వచ్చింది. అద్వైత పండితుడు మధుసూదన సరస్వతి ప్రస్థానభేదమనే గ్రంథంలో ఆయుధాలను నాలుగు విధాలుగా విభజించారు: చేతి నుంచి విడిచే చక్రం వంటివి ముక్తాలు, చేతిలోనే ఉండే ఖడ్గం వంటివి అముక్తాలు, రెండు విధాలా వాడదగినవి ముక్తాముక్తాలు, వింటి నుంచి వెలువడే బాణాల వంటివి యంత్రముక్తాలు. ముక్తానికి అస్త్రమని, అముక్తానికి శస్త్రమని పేరు అని కూడా ఆయన అక్కడే చెప్పారు. అయితే సంస్కృత నిఘంటువైన అమరకోశం 'ఆయుధం తు ప్రహరణం శస్త్రమస్త్రమ్' అని ఈ మాటలను ఒకే వరుసలో పర్యాయపదాలుగా చెప్పింది గనుక, కత్తిని అస్త్రమన్నవారిని అజ్ఞానులని అనడానికి వీలు లేదు. పత్రికలవారు ఎన్నికల వేళ ప్రతి ఎత్తుగడనూ అస్త్రమే అంటారు. అందులోనూ నాకు తప్పు కనిపించదు, ఎందుకంటే అక్కడ కూడా ఏదో ఒకటి ఎదుటివారి మీదికి వదులుతున్నారు.

నా దృష్టిలో ఆ వాక్యానికి అసలు ఇబ్బంది నామవాచకంతో కాక క్రియతో వచ్చింది. తెలుగులో అస్త్రాన్ని సంధిస్తారు, ప్రయోగిస్తారు, ఉపసంహరిస్తారు. కత్తిని దూస్తారు, ఝళిపిస్తారు, ఒరలో పెడతారు. ఒర నుంచి దేనినీ ప్రయోగించడం కుదరదు. మన పురాణాలలో అస్త్రానికి దాదాపు శరీరమే లేదు, మంత్రమే దాని ప్రాణం. మహాభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ చేతికందిన గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరమనే అస్త్రంగా విడిచాడు. అర్జునుడు తాను విడిచినదాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. అక్కడ గడ్డిపోచకు పేరు లేదు, దాన్ని చేసిన కమ్మరి లేడు, విరిగితే అతికేవాడు అంతకంటే లేడు. శస్త్రానికి ఇవన్నీ ఉంటాయి: పుట్టిన కొలిమి, పిడి, వాదర, ఒర, వారసత్వం.

పాశ్చాత్య అద్భుత సాహిత్యంలో పేరు పొందిన ఆయుధాలలో ఎక్కువ భాగం ఈ అర్థంలో శస్త్రాలే. 1954లో వెలువడడం మొదలైన టోల్కీన్ మహాగ్రంథం 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో నార్సిల్ అనే కత్తి విరిగి, తరతరాలు ముక్కలుగానే భద్రపరచబడి, తిరిగి అతికిన తరువాత ఆందూరిల్ అనే కొత్త పేరు పొందుతుంది. ఆ పేరుకు ఆయన కల్పించిన భాషలోనే 'పడమటి జ్వాల' అని అర్థం. కత్తి పేరు మారడమే అక్కడ కథలో ఒక మలుపు. బ్రిటన్ గాథల్లోని ఆర్థర్ రాజు కత్తి విషయంలో పేరు భాషలు దాటి ప్రయాణించింది: వెల్ష్‌లో కాలెడ్‌వుల్ఖ్, 12వ శతాబ్దపు లాటిన్‌లో కాలిబర్నస్, ఫ్రెంచి గాథల మీదుగా ఎక్స్‌కాలిబర్. అనువదించేవారు ఇటువంటి పేర్లన్నింటినీ 'మంత్రఖడ్గం' అని ఒకే మూసలో పోసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఉత్తర యూరప్ పురాణాల్లోని థోర్ అనే దేవుడి సమ్మెట మాత్రం విసిరితే తిరిగి చేతికి వచ్చేది గనుక మన లెక్కలో ముక్తం, అంటే అస్త్రం. 13వ శతాబ్దపు ఐస్లాండ్ గ్రంథంలో దాని పిడి పొట్టిగా ఉండడానికి కారణం చెప్పారు. ఆ సమ్మెట కొలిమిలో ఉండగా తిత్తి ఊదుతున్న మరుగుజ్జు కనురెప్ప మీద ఈగ కుట్టింది. నెత్తురు కంట్లోకి కారడంతో ఈగను తోలడానికి అతడు ఒక్క క్షణం చెయ్యి ఆపాడు. ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరి కొలిమే గుర్తుకు వచ్చింది. కొడవలికి కక్కు కొట్టించడానికి మా నాయన వెంట వెళ్లిన రోజుల్లో తోలు తిత్తి ఊదే పని పిల్లలకు అప్పగించేవారు. దాగలి మీద దెబ్బ పడుతుంటే చూస్తూ నిలబడిపోయి చెయ్యి ఆపితే, నిప్పు రంగు ఎరుపు నుంచి నలుపుకు దిగడం కళ్లారా కనబడేది. కమ్మరి తల ఎత్తకుండానే "ఊదు బిడ్డా" అనేవాడు. ఆయుధం గురించి రాసేవారు ఒక్కపూట కొలిమి ముందు కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయని నా నమ్మకం.

కొలిమి మాట వచ్చింది గనుక మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లేదని, దాని కోసం పర్షియా వర్తకులు స్వయంగా వచ్చేవారని 1832లో అచ్చయిన, వాయిసీ అనే భూవిజ్ఞాని వ్యాసం వల్ల తెలుస్తున్నది. 1795లో జార్జి పియర్సన్ అనే శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీ ముందు ఉంచిన పత్రంలో ఈ రకపు లోహాన్ని 'వూట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' అన్న మాటకు వికృత రూపమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. డమాస్కస్ కత్తులని లోకం పిలిచిన, ఒంటి మీద నీటి అలల వంటి చారలున్న కత్తులకు ఇటువంటి ఉక్కే ముడిసరుకు. నేటి ఫాంటసీ నవలల్లో అలల చారల కత్తి కనిపించిన ప్రతిచోటా నాకు కోనసముద్రం గుర్తుకు వస్తుంది. కాబట్టి, అమ్మా, మీ కథానాయిక కత్తి ఎక్కడ పుట్టిందో వెతుక్కోవడానికి మీరు సముద్రాలు దాటనవసరం లేదు.

ఇక 'అగ్నికత్తి' సంగతి. సంస్కృత పదం ముందు, తెలుగు పదం వెనుక చేర్చిన ఇటువంటి కూర్పును వైరి సమాసమని, దోషమని అంటారు. అగ్నిఖడ్గం అనండి, లేదా నిప్పుకత్తి అనండి. నాకు రెండోదే ఇష్టం. అంతకంటే మంచి దారి, కత్తి గుణాన్ని బట్టి పేరు పెట్టడం. అమరంలో ఖడ్గానికి చెప్పిన పర్యాయపదాలు చూడండి. ముప్పై అంగుళాలను (వేలి వెడల్పులను, నేటి ఇంచులను కాదు) మించినది గనుక నిస్త్రింశం, నడుము పక్కన వేలాడేది గనుక కౌక్షేయకం, వెన్నెల నవ్వులా మెరిసేది గనుక చంద్రహాసం. ఈ చంద్రహాసమే శివుడు రావణునికి ఇచ్చిన కత్తికి సొంత పేరు కూడా అయింది. అచ్చ తెలుగులో అడిదం, వాలు, కైదువు ఉన్నాయి. ఇవి నిఘంటువులోనే నిద్రపోతున్నాయి, మీ తరం లేపాలి.

కరీంనగర్ సభ్యులొకరు "సుదర్శనం ముక్తమే కదా, మరి దాన్ని అస్త్రమని ఎవరూ అనరేం?" అని అడిగారు. మంచి ప్రశ్న. చేతి నుంచి వెళ్లినా ఆ చక్రాన్ని మన కవులు ఒక వస్తువుగా చూడలేదు. బమ్మెర పోతన గజేంద్రమోక్షంలో మొదట 'శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడు' అన్నారు. అంటే విష్ణువు ఆయుధం పట్టకుండానే పరుగెత్తాడు. మడుగు దగ్గరికి చేరిన తరువాత వచ్చే పద్యం ఇలా మొదలవుతుంది: 'కరుణాసింధుఁడు శౌరి వారిచరమున్ ఖండింపఁగాఁ బంపె'. విసిరె అనలేదు, విడిచె అనలేదు. నమ్మిన బంటును పంపినట్టు 'పంపె' అన్నారు. దేనిని పంపాడో వెంటనే చెప్పరు. భూమి కంపించింది, రేగిన నిప్పురవ్వల ముందు ఆకాశంలోని శుక్రుడు వెలవెలబోయాడు; ఇంతా జరిగాక పద్యం చివరి మాటగా 'చక్రమున్' వస్తుంది. 'భూమిచక్రము' అన్నప్పుడు మండలం, 'సుధాంధశ్చక్రము' అన్నప్పుడు అమృతం ఆహారంగా గల దేవతల సమూహం, ఆఖరున ఆయుధం: ఒకే పదం మూడు అర్థాలలో తిరిగింది. పద్యాన్ని పైకి చదివితే ఆ గిర్రున తిరగడం నాలుకకే తెలుస్తుంది. ఆయుధాన్ని కథలోకి ఎలా దించాలో నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకు మించిన పాఠం లేదు.

గాండీవమా, గాండివమా అని అడిగినవారికి: రెండూ సరైన రూపాలే. 'గాండీవగాండివౌ' అని అమరమే చెప్పింది. గాండీవానికీ, శివుని విల్లైన అజగవానికీ కలిపి వ్యాకరణకర్త పాణిని 'గాండ్యజగాత్ సంజ్ఞాయామ్' అని ప్రత్యేకంగా ఒక సూత్రమే రాశారు.

చివరగా, ఆ విద్యార్థిని ఈ రోజు పెట్టిన రెండో ప్రశ్న. తన కథ ఆఖరి అధ్యాయంలో నాయిక ఆ కత్తిని పాకాల చెరువులో విసిరేస్తుందని, అప్పుడైనా అస్త్రం అనవచ్చునా అని అడిగారు. భారతం మహాప్రస్థానిక పర్వంలో అగ్నిదేవుడు అడిగిన మీదట అర్జునుడు గాండీవాన్ని వరుణునికి అప్పగించడానికి నీటిలో విడిచాడు. 1485లో అచ్చయిన, ఆర్థర్ కథలు చెప్పే మాలరీ గ్రంథంలో ఆర్థర్ అనుచరుడు రెండుసార్లు అబద్ధమాడి, మూడోసారి ఎక్స్‌కాలిబర్‌ను నీటిలోకి విసరగా ఒక చెయ్యి పైకి లేచి దాన్ని అందుకుంది. మీ కత్తి చెయ్యి దాటిన ఆ క్షణంలో ధాత్వర్థం ప్రకారం అది అస్త్రమే అవుతుంది. అయినా అక్కడ ఆ మాట రాయకండి. 'విసిరింది' అన్న క్రియ ఆ పని చేస్తుంది. కత్తిని మీరు పెట్టిన పేరుతోనే పిలవండి, నీళ్లు మూసుకునే దాకా.