న్యూజెర్సీ వదిలి ఎక్కడికి? రిటైర్మెంటుకు పన్ను తక్కువ రాష్ట్రం గురించి సలహా కావాలి

ఎడిసన్ వాసి:
అందరికీ నమస్కారం. నాకు 64, మా ఆవిడకు 62. వచ్చే ఏడాది ఉద్యోగం మానేస్తున్నాను. 2001లో 2,90,000 డాలర్లకు కొన్న ఇల్లు ఇప్పుడు 7,20,000 పలుకుతోంది. అప్పు తీరిపోయింది కానీ ఇంటి పన్నే ఏడాదికి 13,500. రిటైరయ్యాక ఇద్దరి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) కలిపి ఏడాదికి 52,000 వస్తుంది. 401కె (ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంటు నిధి) నుంచి ఏటా 60,000 తీసుకుందామని ఆలోచన. హైదరాబాదు ఫ్లాటు అద్దె, బ్యాంకు వడ్డీ కలిపి మరో 14,000. ఏటా నాలుగు నెలలు ఇండియాలో ఉంటాం. కూతురి పెళ్లికి 401కె నుంచి ఒకేసారి ఇంకో లక్ష తీయాల్సి రావచ్చు.

ఆదాయపు పన్ను లేదు కాబట్టి టెక్సాస్ వచ్చేయమని మా అబ్బాయి అంటున్నాడు, అక్కడే డల్లాస్ దగ్గర ఉంటాడు. అమ్మాయి ఉండేది అట్లాంటా వైపు. ఇక్కడ ఇల్లు అమ్మి వెళ్లిపోతే 'ఎగ్జిట్ టాక్స్' పేరుతో బోలెడు పట్టుకుంటారని మిత్రులు భయపెడుతున్నారు. నిజమేనా?

పాత పద్దులు:
నమస్కారమండీ. పాతికేళ్లు పన్ను రిటర్నులు రాసిన అలవాటు కొద్దీ ముందు మీ అంకెలే చూస్తాను. మీకు న్యూజెర్సీ ఆదాయపు పన్ను దాదాపు సున్నా! ఇక్కడ సోషల్ సెక్యూరిటీని లెక్కలోకే తీసుకోరు. 62 దాటిన దంపతులకు మిగతా మొత్తం ఆదాయం లక్ష డాలర్ల లోపు ఉంటే 401కె, పెన్షన్ల మీద పన్ను లేదు. జీతం, వ్యాపారం లాంటివి 3,000 దాటకపోతే, లక్షలో వాడుకోకుండా మిగిలిన మినహాయింపు మీ అద్దెకూ వడ్డీకీ కూడా వర్తిస్తుంది. మీ ఆదాయం 74,000. కాబట్టి ఆదాయపు పన్ను తప్పించుకోవడానికి ఇల్లు మారడంలో అర్థం లేదు. మిమ్మల్ని తినేస్తున్నది ఆ 13,500.

పెళ్లి ఖర్చు సంగతి వేరు. ఆ లక్ష కూడా ఇక్కడే తీస్తే ఆ ఏడాది ఆదాయం 1,74,000 అవుతుంది. లక్ష దాటగానే మినహాయింపు సగానికి, 1,25,000 దాటితే పావుకు పడిపోతుంది, 1,50,000 దాటితే అసలు ఉండదు. అప్పుడు పన్ను ఆ లక్ష మీదే కాదు, అంతటి మీదా పడుతుంది. మీ లెక్కకు దాదాపు 6,000 డాలర్లు. పైగా హైదరాబాదు అద్దెకు అక్కడ కట్టిన పన్నును అమెరికా కేంద్ర ప్రభుత్వం సర్దుబాటు చేస్తుంది కానీ న్యూజెర్సీ చేయదు. కాబట్టి వెళ్లడమే ఖాయమైతే వెళ్లాకే ఆ లక్ష తీయండి. 1996 నాటి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం, మీరు వేరే రాష్ట్ర వాసి అయ్యాక తీసే 401కె మీద పాత రాష్ట్రం చెయ్యి వేయలేదు.

ఎగ్జిట్ టాక్స్ అనే పన్నే లేదు. రాష్ట్రం వదిలినవాళ్లు ఇల్లు అమ్మేటప్పుడు లాభంలో 10.75 శాతం లేదా ధరలో 2 శాతం, ఏది ఎక్కువైతే అది ముందుగా పట్టుకుంటారు. రిటర్నులో అసలు పన్ను తేల్చి మిగిలింది తిరిగిస్తారు. మీ లాభం 4,30,000. చివరి అయిదేళ్లలో రెండేళ్లు సొంతంగా కాపురమున్న ఇంటికి దంపతులకు 5 లక్షల దాకా లాభం మీద పన్ను లేదు. ఇక్కడ ఉండగానే అమ్మి, క్లోజింగులో, అంటే అమ్మకం పూర్తయ్యేటప్పుడు, న్యూజెర్సీ వాసినేనని రెప్-3 ఫారం మీద సంతకం పెడితే ఆ పట్టుకోవడమూ ఉండదు. ఇల్లు చేతులు మారేటప్పుడు అమ్మేవాళ్లు కట్టే ట్రాన్స్‌ఫర్ ఫీజులోనూ 62 దాటినవాళ్లకు తగ్గింపు ఉంది. లాయర్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

ఫ్రిస్కో నుంచి:
మీ అబ్బాయి చెప్పింది నిజమే కానీ సగమే. టెక్సాస్‌కు ఆదాయపు పన్ను లేదు. ఆ డబ్బును ఇంటి మీద రాబడుతుంది. మీకు కలిసొచ్చేది వయసు. 2025 నవంబరు ఓటింగు తర్వాత 65 నిండినవాళ్లకు సొంతింటి విలువలో 2 లక్షల మేర స్కూలు పన్ను (ఇంటి పన్నులో స్కూళ్లకు వెళ్లే భాగం) లెక్కలోకి రాదు. అంటే 5 లక్షల ఇంటికి 3 లక్షల మీదే వేస్తారు. మొదటి ఏడాది వేసిన స్కూలు పన్నే ఆ తర్వాత గరిష్ఠ పరిమితిగా నిలిచిపోతుంది, గది కట్టడం లాంటి మార్పు చేస్తే తప్ప పెరగదు.

అయితే కొత్త లేఅవుట్లలో 'మడ్' పన్ను ఉందేమో చూడండి. నీటికీ మురుగు కాలువలకూ తెచ్చిన అప్పు తీర్చే జిల్లా పన్ను అది, ఇంటి పన్నుతో పాటే వస్తుంది. అమ్మేవాళ్లు వంటింటి గ్రానైటు చూపించినంత ఉత్సాహంగా దాన్ని చూపించరు. ఇంకొకటి ఇంటి బీమా. ఇక్కడ వడగళ్లు పడ్డాయంటే కప్పు పోయినట్టే. పాలసీలో 'గాలి, వడగళ్లు' అనే వరుస చదవండి. అక్కడ 2 శాతం అని ఉంటే 5 లక్షల ఇంటికి మొదటి 10,000 మీ జేబు నుంచే. ప్రీమియం ఎంతో తెలుసుకోకుండా ఇంటి బేరం మొదలుపెట్టకండి.

కమింగ్ నుంచి:
అట్లాంటా వైపు కూడా చూడండి. జార్జియాలో ఆదాయపు పన్ను ఉంది. కానీ 65 నిండితే ఒక్కొక్కరికి 65,000 వరకు మినహాయింపు, 62 నుంచి 64 వరకు 35,000. 401కె, అద్దె, వడ్డీ అన్నీ అందులోకే వస్తాయి. సోషల్ సెక్యూరిటీ మీద అసలు లేదు. ఒక్క మెలిక ఏమిటంటే ఎవరి ఆదాయం వారి మినహాయింపులోనే పోవాలి. 401కె మీ పేరున, ఫ్లాటు మీ ఆవిడ పేరున ఉంటే మీరు కట్టేది శూన్యం. రెండూ మీ పేరునే ఉన్నా 65 దాటాక, మినహాయింపు పోగా మిగిలే 9,000 అందరికీ ఉండే స్టాండర్డ్ డిడక్షన్‌లో (ప్రామాణిక తగ్గింపులో) పోతుంది.

మా కమింగ్ ఊరుండే ఫోర్సైత్ కౌంటీలో 65 దాటినవాళ్ల సొంతింటికి స్కూలు పన్ను పూర్తిగా తీసేస్తారు, బిల్లులో పెద్ద భాగం అదే. కాబ్ కౌంటీలో అది 62కే వస్తుంది. వచ్చిన కొత్తలో కార్లు రిజిస్టరు చేసేటప్పుడు విలువలో 3 శాతం పన్ను కట్టాలి, దానికి సిద్ధంగా ఉండండి.

ఎడిసన్ వాసి:
చాలా సంతోషం. పెన్సిల్వేనియా ఎవరూ అనలేదేమిటి? నది దాటితే చాలు కదా.

పాత పద్దులు:
పన్ను మాత్రమే చూస్తే మంచి ఎంపికే. అక్కడ రిటైరయ్యాక తీసే 401కె ఎంతైనా పన్ను లేదు, పెళ్లికి తీసే లక్ష కూడా. అద్దె, వడ్డీల మీద 3.07 శాతం. అయితే మీ తదనంతరం పిల్లలు వారసత్వపు పన్ను 4.5 శాతం కట్టాలి, న్యూజెర్సీలో పిల్లలకు అది లేదు. పైగా ఇంటి పన్ను ఊరిని బట్టి మారుతుంది.

ఇక జార్జియాలో ఆ లక్ష తీస్తే మీ 65,000, స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలినదాని మీద దాదాపు 5 శాతం పడుతుంది, టెక్సాస్‌లో ఏమీ లేదు. కానీ అది ఒక్క ఏడాది ముచ్చట, ఇంటి బిల్లు ఏటా వస్తుంది. అందుకే నా ఓటు కమింగ్‌కు, ఫ్రిస్కో మిత్రులు ఏమీ అనుకోకపోతే!

ఇండియాలో నాలుగు నెలలున్నా మీ రాష్ట్రం మారదు. ఎడిసన్‌లో పాత ఓటు, లైసెన్సు అలాగే ఉంచుకుంటే మాత్రం న్యూజెర్సీ మిమ్మల్ని వదలదు. ఇండియాలో మీ ఆదాయం 15 లక్షల రూపాయలు దాటి, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు అక్కడ ఉండి ఉంటే, పన్నుకు మిమ్మల్ని అక్కడి నివాసిగా లెక్కించే 182 రోజుల హద్దు 120కి దిగుతుంది. మీ నాలుగు నెలలు సరిగ్గా ఆ అంచు మీద ఉన్నాయి.

మెడికేర్ (65 నిండినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) విషయం ఆలస్యం చేయకండి. 65 నిండి పార్ట్ బి (అందులో డాక్టరు ఖర్చుల భాగం) మొదలైన ఆరు నెలల్లో, మెడికేర్ ఇవ్వని ఖర్చులు భరించే మెడిగ్యాప్ పాలసీ తీసుకుంటే ఆరోగ్య ప్రశ్నలు అడగరు, తర్వాత చాలా రాష్ట్రాల్లో అడుగుతారు. ప్రైవేటు కంపెనీల ద్వారా మెడికేర్ ఇచ్చే మెడికేర్ అడ్వాంటేజ్ అయితే కౌంటీని బట్టి ఉంటుంది, రాష్ట్రం మారితే కొత్తది తీసుకోవాలి. ఏది తీసుకున్నా ఇండియాలో ఉన్న నాలుగు నెలలకు విడిగా బీమా చూసుకోండి.