డ్రామా నేర్పుకుంట బతకొచ్చా? నల్లగొండ, పాలమూరు దిక్కోళ్లు చెప్పుండ్రి

దేవరకొండ_నటుడు: డిగ్రీ అయిపోయింది. కాలేజీల, ఊర్ల నాటకాలు ఆడించిన. థియేటర్ ల ఎంపీఏ (నాటకాల పీజీ) చేసి డైరెక్షన్ చేస్కుంట పిల్లలకు నేర్పాలని ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ మంచిదా, తెలుగు యూనివర్సిటీ మంచిదా? ఢిల్లీల నాటకాల బడి ఎన్‌ఎస్‌డీకి ట్రై చెయ్యాల్నా? నల్లగొండల రిహార్సల్ కు జాగ యాడ దొరుకుతది?

పాలమూరు_పోరడు: జీతం సంగతి నన్నడుగు తమ్మీ. ప్రైవేట్ స్కూల్ల డ్రామా సార్ ను, పేరుకే. యాన్యువల్ డే వస్తుందంటే డైలాగులన్నీ ముందే రికార్డు చేపిచ్చి పిల్లలతోని ఉట్టిగ పెదవులు ఆడిపిస్తరు, ప్రతి పిల్లగాడు ఫోన్ వీడియోల పడాలె గద, అందుకని మా రాజుకు పదిహేను మంది మంత్రులు. ఎండకాలం సెలవులకు జీతం లేదు.

రంగస్థలి_సిటీ: ఎంపీఏ రెండేండ్లు, ఎన్‌ఎస్‌డీ మూడేండ్లు. ఎన్‌ఎస్‌డీల స్టైపెండ్ ఇస్తరు, కానీ హిందీ రావాలె, నాటకాల్లో చేసినట్టు కాగితాలు చూపాలె. కాలేజీల చెప్పాలంటే నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాసుకో, లేకపోతే గెస్ట్ ఫ్యాకల్టీగనే ఉండిపోతవ్. ఇంకో మాట, ప్రాంప్టింగ్ అలవాటు ఇయ్యాల్నే మానిపించు. స్టేజి పక్కన వింగ్ ల నుంచి డైలాగ్ అందుకునేటోడు నటుడే కాదు.

నకిరేకల్_భాగవతం: ఎవరు నటుడు కాదు? మా నాయిన భాగవతం, అంటే ఊరి వీధి ఆట, నేర్పే పంతులు. తాళాలు కొట్టుకుంట, పుస్తకం పట్టుకోని వెనకనే నిలబడి మొదటి మాట ఎత్తిస్తడు, మిగిలింది వేషగాడు అందుకుంటడు. పగలంత నాటేసి వచ్చినోళ్లు, సంతకం రానోళ్లు తెల్లందాక ఆడతరు. నీ క్లాసోళ్లు ఆడతరా?

రంగస్థలి_సిటీ: ఫీల్ కాకు అన్నా. నేను చానా ప్రొడక్షన్లు చేసిన, ఎన్‌ఎస్‌డీ సీనియర్ల చేతికింద పని చేసిన. ఊరి ఆట వేరు, ట్రైనింగ్ వేరు.

నకిరేకల్_భాగవతం: ఆ ఎన్‌ఎస్‌డీలనే 1979ల కన్నడ నాటకాల డైరెక్టర్ బి.వి.కారంత్ షేక్స్‌పియర్ మక్బెత్ ను యక్షగానం పద్ధతిల ఆడించిండు. ఆయనకు పనికొచ్చింది నీకు పనికిరాదా?

రంగస్థలి_సిటీ: అది కర్ణాటక యక్షగానం, మనది కాదు. తెల్వకుంటే పేర్లు వాడకు.

నకిరేకల్_భాగవతం: అదే గద నేననేది, పక్క రాష్ట్రమోళ్లది ఢిల్లీదాక పోయింది, మనోళ్లకే మనది నామోషి.

గద్వాల_గట్టు: కొట్లాట బాగనే ఉంది. సంబంధం లేదు గని తెలుగు యూనివర్సిటీకి ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిండ్రు, మా గద్వాల దిక్కాయనే.

పాలమూరు_పోరడు: పేరు మారింది సరే, పోస్టులు ఏస్తరా?

దేవరకొండ_నటుడు: సార్లూ, జాగ సంగతి ఎవ్వరు చెప్పలే.

మిర్యాల_లైట్స్: ఆషాఢంల ఫంక్షన్ హాళ్లన్నీ ఖాళీ, ఓనర్ ను కరెంటు బిల్లు మేమే కడతమని అడుగు, ఇస్తడు. పెళ్లిళ్ల సీజన్ల అయితే మొఖం కూడా చూడడు. గని నాకు అర్దళం (మొఖానికి పూసే పసుపు రంగు రాయి పొడి) కావాలె, ఎవరన్న దొరికే కాడ చెప్పుండ్రి, కృష్ణుని వేషానికి.

రంగస్థలి_సిటీ: అర్దళంల ఆర్సెనిక్ విషం ఉంటది, పిల్లల మొఖానికి పెడతవా? పాన్‌కేక్ మేకప్ కొనుక్కో.

నకిరేకల్_భాగవతం: మా తాత జీవితమంత అదే పూసుకున్నడు, ఏం కాలె.

రంగస్థలి_సిటీ: అన్నా, దీనికి గూడ కొట్లాటనేనా?

మిర్యాల_లైట్స్: పాన్‌కేక్ చెమటకు కారిపోతది సార్, మే నెల సూర్యాపేటల ఒక్కసారి ఆడి చూడు. సపేదాల (తెల్ల రంగు పొడి) కొంచెం పసుపు కలిపి చూస్తున్న గని బల్బు కింద పచ్చకామెర్లోని లెక్క కొడుతుంది.