సైకిల్‌కు ఇంజిన్: 66 సీసీ చవక కిట్టా, హోండా చిన్న ఇంజినా?

పొలంగట్టు:
పొలానికి పోను 6 కిలోమీటర్లు, రాను 6. సగం కాలవ కట్ట, సగం తారు రోడ్డు. 26 అంగుళాల చక్రాల సైకిల్. నా బరువు 70 కిలోలు, వెనక ఒక్కోసారి 10 లీటర్ల క్యాను ఉంటుంది. చవకలో వచ్చే 66 సీసీ చైనా కిట్టు తీసుకోవాలా, హోండా జీఎక్స్25 గానీ జీఎక్స్35 గానీ కొని గేర్‌బాక్సు పెట్టించుకోవాలా? ఏది ఎక్కడ పాడవుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

స్పోకుకీ:
తారు రోడ్డు అన్నారు కాబట్టి ముందు చట్టం చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, ఇంజిన్ 25 సీసీ దాటని బండి మోటారు వాహనం కిందికి రాదు. జీఎక్స్25 సరిగ్గా ఆ గీత మీద ఉంది. జీఎక్స్35 అసలు కొలత 35.8 సీసీ, అంటే గీత దాటింది. 66 సీసీ సంగతి సరేసరి. దాటినదానికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ కావాలి. ఇంట్లో కట్టుకున్న సైకిల్‌కు రిజిస్ట్రేషన్ దొరకదు. ఎవరికైనా తగిలితే ఆదుకునే ఇన్సూరెన్సూ ఉండదు. జీఎక్స్35, 66 సీసీ రెండూ సొంత చేను గట్టు మీదికే.

లేతుపని:
66 సీసీ కిట్టు టూ స్ట్రోక్, పెట్రోలులో ఆయిల్ కలిపి నడపాలి. దానిలో పిస్టనూ సిలిండరూ మరీ తీసిపారేసేవి కావు. దెబ్బతినేది వాటి చుట్టూ ఉన్న సామాను: బోల్టులు, గాస్కెట్లు (రెండు ముఖాల మధ్య లీకు ఆపే అట్టలు), వైర్లు, చైన్ టెన్షనర్ (చైన్‌ను బిగువుగా ఉంచే రోలర్). కిట్టు కొంటే మొదటి రోజే ఈ పనులు చేసుకోవాలి.

ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టే 8 ఎంఎం స్టడ్లు (తల లేని బోల్టులు), సైలెన్సర్ దగ్గరి 6 ఎంఎం స్టడ్లు మెత్తటి ఇనుము. ఊపుకు సాగి తెగుతాయి. తెగిన ముక్క అల్యూమినియంలో ఉండిపోతే లేతు షాపుకు పోక తప్పదు. ముందే తీసేసి 8.8 అని గుద్దిన గట్టి ఉక్కు స్టడ్లు వేయండి. ఊపు తగ్గుతుందని ఇంజిన్‌కీ ఫ్రేముకీ మధ్య ట్యూబు ముక్కలు, రబ్బరు పెడుతుంటారు. అది తప్పు. రబ్బరు ఉంటే ఇంజిన్ ఇంకా కదులుతుంది, స్టడ్లు ఇంకా త్వరగా తెగుతాయి. ఇనుముకు ఇనుము గట్టిగా కూర్చోవాలి.

హెడ్డు 8 ఎంఎం నట్లు నాలుగూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, 16 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి చూడాలి.

కార్బొరేటర్ పైపు, సైలెన్సర్ కూర్చునే ముఖాలు చదునుగా ఉండవు. అద్దం మీద 400 నంబరు పేపరు పరిచి రుద్ది, కొత్త గాస్కెట్ వేయండి. ఇక్కడ గాలి లీకైతే మిక్స్‌లో పెట్రోలు పాలు తగ్గుతుంది, దానితోపాటు ఆయిలూ తగ్గుతుంది. యాక్సిలరేటర్ వదిలినా రేసు వెంటనే దిగకపోవడం దీని గుర్తు. అది చూసి కూడా నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

పొలంగట్టు:
ఆయిల్ ఎంత కలపాలి అన్నా? కిట్టు కాగితంలో 16కి 1 అని ఉంది.

లేతుపని:
ఆ లెక్కన లీటరుకు 62 ఎం.ఎల్. మొదటి రెండు మూడు ట్యాంకులకు 24కి 1, అంటే లీటరుకు 42 ఎం.ఎల్. వేయండి. తర్వాత 32కి 1, లీటరుకు 31 ఎం.ఎల్. డబ్బా మీద జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని రాసి ఉండాలి, అది టూ స్ట్రోక్ ఆయిల్ గ్రేడు. ఫోర్ స్ట్రోక్ బండిలో పోసే ఆయిల్ దీనిలో కలపకూడదు. మాగ్నెటో (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే భాగం) నుంచి వచ్చే తెల్ల వైరు లైటు కోసం. దాన్ని వాడితే ప్లగ్గుకు నిప్పు తగ్గుతుంది, టేపు చుట్టి వదిలేయండి.

గడ్డిమిషన్:
జీఎక్స్35 వైపు నుంచి చెప్తాను. గడ్డి కోసే మిషన్లలో, పవర్ స్ప్రేయర్లలో నడిచేది ఇదే. అందుకే వ్యవసాయ పనిముట్ల షాపుల్లో దీని సామాను తెలిసినవాళ్లు ఉంటారు. ఫోర్ స్ట్రోక్, పెట్రోలులో ఆయిల్ కలపక్కర్లేదు. ఆయిల్ పట్టేది జీఎక్స్25లో 80 ఎం.ఎల్., జీఎక్స్35లో 100 ఎం.ఎల్. ఇంత తక్కువ కాబట్టే మార్చడం మరిచిపోతే ఇంజిన్ తట్టుకోదు. మొదటి మార్పు 10 గంటలకు, తర్వాత ప్రతి 50 గంటలకు, 10డబ్ల్యూ-30 గ్రేడు. ఎక్కువ పోస్తే ఎయిర్ ఫిల్టర్లోకి వస్తుంది. ప్లగ్గు గ్యాపు 0.6 నుంచి 0.7 ఎంఎం. వాల్వుల గ్యాపు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి: ఇన్‌టేక్ 0.08, ఎగ్జాస్ట్ 0.11 ఎంఎం.

హోండా కంపెనీ మొదలైందే ఇలాంటి పనితో. 1946లో జపాన్ సైన్యం మిగిల్చిన చిన్న జనరేటర్ ఇంజిన్లను సొయిచిరో హోండా సైకిళ్లకు బిగించారు.

స్పోకుకీ:
ఇంజిన్ మంచిదైనా గేరు లెక్క తప్పితే పని చేయదు. జీఎక్స్25 శక్తి నిమిషానికి 7000 చుట్ల దగ్గర 0.72 కిలోవాట్, అంటే సుమారు ఒక హార్స్‌పవర్. 5కి 1 గేర్‌బాక్సు, ముందు 10 పళ్లు, వెనక 56 పళ్లు వేస్తే మొత్తం 28కి 1, అంటే ఇంజిన్ 28 చుట్లకు చక్రం ఒక చుట్టు. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2.07 మీటర్లు పోతుంది. 6000 చుట్ల దగ్గర గంటకు 26 కిలోమీటర్లు దాటుతుంది. కిట్టులో వచ్చే 44 పళ్ల స్ప్రాకెట్ (చైన్ పళ్ల చక్రం) వెనక పెడితే 22కి 1 అవుతుంది. లెక్కలో 34 కిలోమీటర్లు కనిపిస్తుంది కానీ 25 సీసీ అంత లాగలేదు, చుట్లు పడిపోయి వేడెక్కుతుంది.

ఇంకో మాట. ఈ ఇంజిన్ల సెంట్రిఫ్యూగల్ క్లచ్చు (చుట్లు పెరిగితే దానంతటదే పట్టేది) పట్టేది సుమారు 4200 చుట్ల దగ్గర. 28కి 1లో అది గంటకు 18 కిలోమీటర్ల పైనే. అంతకు ముందు క్లచ్చు జారుతూనే ఉంటుంది. నిలబడిన చోటు నుంచి ఇంజిన్‌తోనే లాగితే క్లచ్చు షూలు కాలిపోతాయి. తొక్కి వేగం అందుకున్నాకే యాక్సిలరేటర్ తిప్పండి. మీ బరువుతో 100 మీటర్లకు 5 మీటర్లు ఎక్కే దారే దీనికి హద్దు. కాలవ కట్ట ఎక్కే దగ్గర పెడల్ వేయాలి.

బేరింగు:
హోండా పేరు చూసి మోసపోవద్దు. అదే రూపంలో చైనా కాపీలు ఉన్నాయి. ఇంజిన్ మీద 139ఎఫ్ అని ఉంటే ఒక సిలిండరు, 39 ఎంఎం బోరు (సిలిండరు లోపలి వ్యాసం), గాలితో చల్లబడేది అని అర్థం. 1ఈ44ఎఫ్ అంటే టూ స్ట్రోక్, 44 ఎంఎం బోరు. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 34 ఎంఎం కాబట్టి అది 52 సీసీ. షాపులో 63 అని చెప్పినా అంతే. సైకిల్ కిట్టు కూడా అంతే: 47 ఎంఎం బోరు, 38 ఎంఎం స్ట్రోక్, లెక్క వేస్తే 66. దాన్నే 80 అని అమ్ముతారు. అంకె మాట నమ్మకండి, బోరు కొలవండి.

లేతుపని:
నిజమే. కాపీల్లో లోపలి బేరింగులు, సీళ్ల నాణ్యత ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా ఉంటుంది. బయట నుంచి చూసి చెప్పలేం.

చైన్ టెన్షనర్ పేరు చెప్పానే గానీ సంగతి చెప్పలేదు. ప్రమాదం అక్కడే ఉంది. కిట్టులో వచ్చే రోలర్ ఒకే క్లాంపుతో వెనక గొట్టాన్ని పట్టుకుని ఉంటుంది. చైన్ లాగినప్పుడు తిరిగి స్పోకుల్లోకి పోతుంది, చక్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. చైన్‌కు అర లింకు తగిలించి పొడవు సరిచేసి, వెనక ఇరుసు జరుపుకొని టెన్షనర్ లేకుండానే నడిచేలా చూడండి. వదులు మధ్యలో ఒక సెంటీమీటరు చాలు.

గడ్డిమిషన్:
ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) నెలల తరబడి ట్యాంకులో ఉంచకండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, అడుగున నీరు చేరుతుంది. పని లేని కాలంలో ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపండి.

పొలంగట్టు:
జీఎక్స్25 వైపు మొగ్గుతున్నాను. రెండో సైకిల్ పాత 28 అంగుళాలది ఉంది, రాడ్ బ్రేకులు, వెనక 40 స్పోకులు. దానికి పెట్టొచ్చా?

స్పోకుకీ:
వద్దండీ. కిట్టు స్ప్రాకెట్‌కు 9 బోల్టులు. 36 స్పోకుల చక్రమైతే ప్రతి బోల్టూ నాలుగేసి స్పోకుల మధ్య పడుతుంది. 40కి 9 సరిపోదు, ఎక్కడో ఒక బోల్టు స్పోకును వంచుతుంది. రాడ్ బ్రేకు తడిసిన రిమ్మును పట్టదు. 26 అంగుళాలదే ఉంచుకోండి. స్పోకుల మీద రబ్బరు వేసి బిగించే బదులు, హబ్బు మీద పట్టే రెండు ముక్కల క్లాంపు లేతులో చేయించండి. హబ్బు వ్యాసం మూడు చోట్ల వెర్నియర్‌తో కొలిచి తీసుకెళ్లండి, చాలా హబ్బులు మధ్యలో సన్నగా ఉంటాయి. బిగించాక చక్రం తిప్పి చూస్తే స్ప్రాకెట్ ఊగు 1 ఎంఎం దాటకూడదు.